ఉపాధి శిక్షణ కేంద్రంలో అభ్యర్థుల వివరాలు: ఫారం నింపిన రోజు నుంచి ఫైలు చెరిపేసే రోజు దాకా

హనుమకొండలో ఒక ఫంక్షన్ హాల్లో జాబ్ మేళా జరుగుతోంది. గుమ్మం దగ్గర బల్ల, బల్ల మీద పొడవాటి రిజిస్టరు, దానికి దారంతో కట్టిన పెన్ను. వచ్చినవాళ్లు వచ్చినట్టు పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోను నంబరు, ఆధార్ నంబరు రాసి లోపలికి వెళ్తున్నారు. పరకాల నుంచి వచ్చిన ఒక అమ్మాయి తన వరుస రాస్తూ పైనున్న పద్దెనిమిది మంది వివరాలూ చూసింది. చూడక తప్పదు, కళ్ల ముందే ఉన్నాయి. ఆమె వెనక నిల్చున్న మనిషి మాత్రం పేరు రాయడానికి రాలేదు. ఫోను తీసి ఆ పేజీని ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. మాకు వారం తర్వాత గానీ అర్థం కాలేదు. మేళాకు వచ్చినవాళ్లకు వరసగా ఫోన్లు వచ్చాయి: "మీకు ఉద్యోగం ఖాయమైంది, యూనిఫాం కోసం రెండు వేల ఐదు వందలు పంపండి." ఫోను చేసినవాడికి పేరు తెలుసు, ఊరు తెలుసు, మేళా జరిగిన తేదీ తెలుసు. ఇక ఎవరు అనుమానిస్తారు? కొందరు డబ్బు పంపారు.

ఆ రోజు ఆ బల్ల దగ్గర కూర్చున్నది నేనే.

తర్వాత వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు శిక్షణ కేంద్రాల్లో పనిచేస్తూ నేను గమనించిన సంగతి ఇది. మన దగ్గరి నుంచి వివరాలు బయటికి పోయే దారి దాదాపు ఎప్పుడూ ఒకటే. మనమే తీసి, ఎక్కడ పెట్టామో మరిచిపోయిన నకళ్లు. అందుకే ఈ మార్గదర్శి మొత్తం నకళ్ల చుట్టూనే తిరుగుతుంది. స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ పథకాల కింద శిక్షణ ఇచ్చే కేంద్రాలు, కాలేజీల ప్లేస్‌మెంట్ విభాగాలు దీన్ని అలాగే పాటించవచ్చు.

చట్టం ఎక్కడుందో ముందు చూద్దాం

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల మీద పడే ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే నుంచి అవి అమలవుతాయి. అందాకా ఐటీ చట్టం కింద 2011లో వచ్చిన నియమాలు ఉండనే ఉన్నాయి. ఆ పాత నియమాలు ఆరోగ్యం, వేలిముద్రలు, బ్యాంకు వివరాల వంటివాటిని సున్నితమైనవిగా లెక్కించాయి. కులం ఆ జాబితాలో లేదు. కొత్త చట్టం సున్నితమైనవి, మామూలువి అన్న విభజనే చేయలేదు. చట్టం పేరు పెట్టి చెప్పకపోయినా, కులం, పెళ్లి సంగతి, ఎవరింట్లో ఉంటున్నారన్నది మన ఊళ్లలో ఎంత సున్నితమో మనకు తెలుసు.

కాగితం మీద రాసుకుని తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించిన వివరాలకూ కొత్త చట్టం వర్తిస్తుంది. కాబట్టి "మాది చిన్న సంస్థ, రిజిస్టరే కదా" అని ఊరుకోవడానికి లేదు. తగిన రక్షణ ఏర్పాట్లు చేయకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. అయితే జరిమానా భయంతో ఈ పని మొదలుపెట్టినవాళ్లు ఫైలు నిండా సంతకాలు పోగుచేసి ఆగిపోవడం చూశాను. అభ్యర్థి ముఖం గుర్తుపెట్టుకుని మొదలుపెట్టినవాళ్లే చివరిదాకా చేశారు.

మొదటి అడుగు: ఒక అభ్యర్థి వెంట నడవండి

తెల్లకాగితం తీసుకోండి. మీ కేంద్రానికి వచ్చిన ఒకే ఒక్క అభ్యర్థిని తలచుకుని, ఆమె వివరాలు ఎక్కడెక్కడ తిరిగాయో వరసగా రాయండి. ఏటూరునాగారం నుంచి కుట్టు శిక్షణకు వచ్చిన అమ్మాయి అనుకుందాం. ఊళ్లు తిరిగి అభ్యర్థులను చేర్పించే మొబిలైజర్ తన నోటుబుక్కులో పేరు, నంబరు రాసుకున్నాడు. ఆధార్‌నూ పదో తరగతి మెమోనూ తన ఫోనుతో ఫొటో తీశాడు. వాటిని వాట్సాప్‌లో ఆఫీసుకు పంపాడు. ఆఫీసు కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేశారు, ప్రింటు తీశారు, ఫైలులో పెట్టారు. ఎక్సెల్ షీట్‌లో ఎక్కించారు. పథకం పోర్టల్‌లో నమోదు చేశారు. హాస్టల్ వార్డెన్ ఇంకో జిరాక్స్ అడిగి తీసుకుంది. బ్యాంకు ఖాతా తెరవడానికి మరొకటి. కంపెనీకి బయోడేటాతో పాటు ఇంకొకటి. ఆడిట్‌కు వచ్చినవారికి పెన్‌డ్రైవ్‌లో మొత్తం బ్యాచ్.

మేము మొదటిసారి ఇలా లెక్కపెట్టినప్పుడు ఒకే ఆధార్ కార్డు పద్నాలుగు చోట్ల తేలింది. అందులో ఐదు చోట్ల దాని అవసరం ఎప్పుడో తీరిపోయింది. రెండు నకళ్లు అప్పటికే ఉద్యోగం మానేసిన మొబిలైజర్ల ఫోన్లలో ఉన్నాయి. ఆ రెండు విషయాలూ నాకు ఇప్పటికీ మరపు రావు.

ఈ లెక్కను ఒక నోటుబుక్కులోకి ఎక్కించండి. మేము దాన్ని నకళ్ల పుస్తకం అంటాం. ప్రతి నకలుకూ ఒక వరుస. ఏ పత్రం, ఎక్కడ ఉంది, ఎవరు తెరవగలరు, ఎందుకు ఉంది, ఎప్పుడు చెరిపేయాలి. పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, రెండు వందల పేజీల లాంగ్‌బుక్కు చాలు. కొత్త చోట నకలు పుట్టినప్పుడల్లా అదే రోజు ఇందులో రాయాలి. "రేపు రాద్దాం" అన్న నకలే తప్పిపోతుంది.

రెండో అడుగు: ఫారంలో గడులు తగ్గించండి

ఈ పనికి ఎక్కువ సమయం ఇవ్వండి. అడగని వివరం పోయే ప్రమాదమే లేదు కదా.

ఫారంలో ప్రతి గడి దగ్గరా ఆగి, "ఇది ఖాళీగా ఉంటే మన పనిలో ఏది ఆగిపోతుంది?" అని అడగండి. ఏదీ ఆగదంటే కొట్టేయండి. మా ఫారం నుంచి మతం, రేషన్ కార్డు నంబరు, తండ్రి వృత్తి, ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నవి ఇలాగే పోయాయి. ఎవరు ఎప్పుడు పెట్టారో తెలియదు, పాత ఫారాన్ని చూసి కొత్త ఫారం టైపు చేస్తూ పోయారంతే. పెళ్లయిందా లేదా అన్న గడి కూడా తీసేశాం. దాన్ని చూసి అమ్మాయిలను ఇంటర్వ్యూకు పిలవకుండా వదిలేసిన కంపెనీలు ఉన్నాయి.

కొన్ని గడులకు నిజంగా కారణం ఉంటుంది. గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 2014లో మొదలైంది. అందులో సగం సీట్లు ఎస్సీ, ఎస్టీలకు, 15 శాతం మైనారిటీలకు కేటాయించారు, మూడోవంతు మహిళలు ఉండాలన్నారు. కాబట్టి అక్కడ కుల ధ్రువీకరణ పత్రం అడగాల్సిందే. కానీ అది పోర్టల్‌కు, అభ్యర్థి ఫైలుకు మాత్రమే వెళ్లాలి. తరగతి గది గోడకు అంటించే బ్యాచ్ జాబితాలో పేరు పక్కన కులం ఎందుకు? హాస్టల్ గదులు పంచే కాగితంలో ఎందుకు?

ఫోను నంబరు గడి చిన్నదిగా కనిపిస్తుంది గానీ దాని వెనక చాలా ఉంది. మహిళా అభ్యర్థులు ఇచ్చే నంబరు చాలాసార్లు భర్తదో అన్నదో అయి ఉంటుంది. అందుకే నంబరు కింద ఇంకో వరుస పెట్టండి: "ఈ ఫోను ఎవరి దగ్గర ఉంటుంది? మేము ఎక్కడి నుంచి మాట్లాడుతున్నామో ఎత్తినవారికి చెప్పవచ్చా?" ఇంట్లో తెలియకుండా ఇంటర్వ్యూకు వచ్చేవాళ్లు ఉంటారు. జీతం ఎంతో ఇంట్లో చెప్పనివాళ్లు ఉంటారు. ఆ కారణాలు మనకు అనవసరం, ఆ జాగ్రత్త మాత్రం అవసరం.

ఇక చివరి గడి, రిమార్కులు. నేను చూసిన అన్నిటికంటే పెద్ద గాయం ఈ గడి వల్లే తగిలింది. ఒక అబ్బాయి కౌన్సెలింగ్‌లో కూర్చుని, తనకు మూర్ఛ ఉందని, మందులు వాడుతున్నానని, రెండేళ్లుగా రాలేదని చెప్పుకున్నాడు. కౌన్సెలర్ మంచి మనసుతోనే రిమార్కుల గడిలో రాసింది, తర్వాతివాళ్లు జాగ్రత్తగా చూసుకోవాలని. మూడు నెలల తర్వాత ఆ ఎక్సెల్ షీట్ ఉన్నది ఉన్నట్టుగా ఒక కంపెనీకి వెళ్లింది. ఇంటర్వ్యూలో పదిమంది ముందు మొదటి ప్రశ్న అదే అడిగారు. ఆ అబ్బాయి సమాధానం చెప్పకుండా లేచి వచ్చేశాడు. మళ్లీ మా కేంద్రానికి రాలేదు.

ఆరోగ్యం గురించి జబ్బు పేరు అడగకండి. "పనిచోట మీకు ఏ సదుపాయం కావాలి?" అని అడగండి. మెట్లు ఎక్కలేను, రాత్రి షిఫ్టు వద్దు, కూర్చుని చేసే పని కావాలి, ఇలా వచ్చే జవాబే మన పనికి పనికొస్తుంది. దివ్యాంగుల సదరం సర్టిఫికెట్ అవసరమైతే విడి కవరులో, విడి తాళంలో పెట్టండి. హెచ్ఐవీ గురించి ఎవరైనా చెప్పుకుంటే ఎక్కడా రాయకండి. వారి సమ్మతి లేకుండా దాన్ని మరొకరికి వెల్లడించడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. ఇక రిమార్కుల గడిని ఫారం నుంచి పూర్తిగా తీసేయండి. ఖాళీ జాగా కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

మూడో అడుగు: తెలుగులో చెప్పండి, చదివి వినిపించండి

వివరాలు ఎందుకు తీసుకుంటున్నామో చెప్పే కాగితం ఇంగ్లిషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో అభ్యర్థి కోరిన భాషలో గానీ అందుబాటులో ఉండాలని కొత్త చట్టం అంటుంది. తెలుగు, ఉర్దూ రెండూ అందులో ఉన్నాయి. గోండి, కోయ, లంబాడీ లేవు. చట్టం అడగకపోయినా ములుగు, ఆదిలాబాద్ వైపు కేంద్రాల్లో ఆ భాష వచ్చిన సీనియర్ అభ్యర్థిని పక్కన కూర్చోబెట్టి విడమరచి చెప్పించడం నా దృష్టిలో తప్పనిసరి.

మేము వాడే కాగితం ఇలా ఉంటుంది. మీ పథకానికి తగినట్టు మార్చుకోండి.

"మీ పేరు, వయసు, చదువు, ఫోను నంబరు మీకు శిక్షణ ఇవ్వడానికి, ఉద్యోగం చూపించడానికి తీసుకుంటున్నాం. శిక్షణకు డబ్బు ఇచ్చే ప్రభుత్వ పథకానికి మీ హాజరు, సర్టిఫికెట్ల వివరాలు పంపుతాం. ఏ కంపెనీకైనా మీ బయోడేటా పంపేముందు ప్రతిసారీ మిమ్మల్ని అడుగుతాం. మీ ఫొటో, వీడియో ప్రచారానికి వాడటం మీ ఇష్టం. వద్దన్నా శిక్షణకు అడ్డేమీ ఉండదు. ఉద్యోగంలో చేరాక కొంతకాలం ఫోను చేసి మీ బాగోగులు అడుగుతాం. మీ వివరాలు చూసుకోవాలన్నా, సరిచేయాలన్నా, ఒప్పుదల వెనక్కి తీసుకోవాలన్నా ఈ నంబరుకు ఫోను చేయండి లేదా ఆఫీసుకు రండి. మా జవాబు సరిగా లేదనిపిస్తే డేటా ప్రొటెక్షన్ బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు."

దాని కింద ఒకే సంతకం వద్దు. శిక్షణకు ఒక గడి, కంపెనీలకు పంపడానికి ఒక గడి, ఫొటోలకు ఒక గడి విడివిడిగా పెట్టి, టిక్కు అభ్యర్థి చేతనే పెట్టించండి. ముందే టిక్కు కొట్టి ఉంచిన గడి ఒప్పుదల కాదు. ఇరవై మందికి కాగితాలు పంచి "ఇక్కడ సంతకం, ఇక్కడ సంతకం" అని వేలు పెట్టి చూపించడమూ ఒప్పుదల కాదు. నేనే బిగ్గరగా చదువుతాను, ప్రతి వాక్యం దగ్గరా ఆగుతాను. నలభై మందికి అరగంట పడుతుంది. ఫొటో వద్దని మొదటి అమ్మాయి చెయ్యి ఎత్తగానే ఇంకో నలుగురి చేతులు లేస్తాయి. అంతకుముందు బ్యాచ్‌లలో వాళ్లు వద్దనుకోలేదని కాదు, వద్దనవచ్చని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సబ్సిడీ, ప్రయోజనం, సర్టిఫికెట్ వంటివి ఇవ్వడానికి ప్రభుత్వం వివరాలు వాడుకునే విషయంలో చట్టం ఏడో సెక్షన్‌లో కొంత వెసులుబాటు ఉంది. దాన్ని పట్టుకుని "మాది ప్రభుత్వ పథకం, ఒప్పుదల అక్కర్లేదు" అని కొందరంటారు. కంపెనీలకు బయోడేటాలు పంపడానికి, ఫ్లెక్సీ మీద ఫొటో వేయడానికి అది పనికిరాదు.

పైన చెప్పిన గ్రామీణ పథకంలో 15 ఏళ్లవారూ చేరవచ్చు. కొత్త చట్టం ప్రకారం 18 నిండనివారు పిల్లలే. వారి విషయంలో తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి, ఒప్పుకున్నది నిజంగా తల్లో తండ్రో అని నిర్ధారించుకోవాలి. ఫోనులో "సరే సార్" అన్న గొంతు చాలదు. చేర్పించడానికి వచ్చిన రోజే వారి గుర్తింపు చూసి రాయించుకోండి.

నాలుగో అడుగు: ఆధార్

చాలామంది అభ్యర్థుల ఆధార్ మన దగ్గరికి రాకముందే ఒకచోట ఆగుతుంది. బస్టాండు ఎదుట జిరాక్స్ షాపు. అబ్బాయి తన నంబరు చెప్తాడు, షాపతను వెబ్‌సైట్‌లో కొడతాడు, ఓటీపీ అడుగుతాడు, పీడీఎఫ్ డౌన్‌లోడ్ అవుతుంది. పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ప్రింటు వస్తుంది, పది రూపాయలు ఇచ్చి అబ్బాయి వెళ్లిపోతాడు. ఫైలు ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో ఉండిపోతుంది. దాని తాళంచెవి అయిన పేరు, పుట్టిన సంవత్సరం ఆ ప్రింటు మీదే ఉన్నాయి.

కాబట్టి చేరడానికి రమ్మని పంపే సందేశంలోనే రెండు మాటలు చేర్చండి: "జిరాక్స్ అక్కర్లేదు, అసలు కార్డు తెచ్చి చూపిస్తే చాలు. షాపులో డౌన్‌లోడ్ చేయించుకుంటే మీ ఎదుటే ఫైలు తీసేయమనండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా." కార్డు మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి సరిచూసుకుని, "చూశాం" అని తేదీతో రాసుకుంటే చాలా పనులకు సరిపోతుంది. నకలు తప్పదంటే మాస్క్‌డ్ ఆధార్ అడగండి. అందులో మొదటి ఎనిమిది అంకెలు కనిపించవు, చివరి నాలుగే ఉంటాయి. పథకం పోర్టల్‌కు పూర్తి నంబరు కావాలంటే నేరుగా పోర్టల్‌లోనే కొట్టండి, మీ ఎక్సెల్‌లో దాచుకోకండి.

నోటీసు బోర్డు మీద ఆధార్ నంబర్లతో జాబితా అంటించడం 2016 ఆధార్ చట్టం 29వ సెక్షన్‌కు విరుద్ధం. ఎంపికైనవారి జాబితా వేయాలంటే రిజిస్ట్రేషన్ నంబరు ఒక్కటి చాలు.

ఐదో అడుగు: ఫోన్లు, షీట్లు, పాస్‌వర్డ్‌లు

మొబిలైజర్ సొంత ఫోనులో అభ్యర్థుల పత్రాలు ఉండకూడదు. చెప్పడం తేలిక, ఆచరణలో అతనికి ఊళ్లో ఉన్నది ఆ ఫోను ఒక్కటే. మా పద్ధతి ఇది. కేంద్రానికి ఒక ఫోను ఉంటుంది, గ్రామాలకు వెళ్లేవారు దాన్నే తీసుకెళ్తారు. అది కుదరని చోట ఫొటోలు తీయకుండా పేరు, నంబరు, చదువు మాత్రం రాసుకొస్తారు, పత్రాలు చేరే రోజున చూస్తాం. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో దానంతటదే గ్యాలరీలోకి, అక్కడి నుంచి క్లౌడ్ బ్యాకప్‌లోకి వెళ్లవచ్చని చాలామంది సిబ్బందికి తెలియదు. గ్రూపులో డిలీట్ చేసినా ఆ రెండు చోట్లా మిగిలిపోవచ్చు. సెట్టింగ్స్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపించండి. బ్యాచ్ గ్రూపులో తరగతుల సమయాలు, సెలవుల సమాచారం వరకే పెట్టండి. ఎంపిక ఫలితం, సర్టిఫికెట్, జీతం వంటివి ఎవరివి వారికే పంపాలి.

ఎక్సెల్‌లో కాలమ్‌ను దాచేస్తే పోయిందని అనుకోకండి. రెండు క్లిక్కులతో అది మళ్లీ బయటపడుతుంది. ఆ అబ్బాయి రిమార్కులు కంపెనీకి చేరింది సరిగ్గా ఇలాగే. కాలమ్ దాచారు, తీసేయలేదు. బయటికి పంపేటప్పుడు కొత్త ఫైలు తెరిచి, కావలసిన కాలమ్‌లు మాత్రమే అందులో పేస్టు చేయండి. ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ను వేరే దారిలో, ఫోనులో చెప్పండి. గూగుల్ షీట్లకు "లింకు ఉన్న ఎవరైనా" అన్న అనుమతి ఉందేమో చూడండి. గూగుల్ ఫారంలో జవాబుల సారాంశం అందరికీ కనిపించే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, అది ఆపి ఉందని నిర్ధారించుకోండి.

ఆఫీసు మొత్తానికి ఒకే పాస్‌వర్డ్, అదీ మానిటర్‌కు అంటించిన చీటీ మీద ఉంటే, తప్పు జరిగిన రోజు ఎవరు తెరిచారో తేల్చలేరు. ఎవరి లాగిన్ వారికి ఇవ్వండి. ఉద్యోగం మానేసేవారికి చివరి జీతం ఇచ్చేలోపు వారి లాగిన్ మూసేయడం, గ్రూపుల్లోంచి తీసేయడం, ఫోనులో ఉన్నవి ఎదురుగా చెరిపించడం పూర్తవ్వాలి.

జాబ్ మేళాల్లో రిజిస్టరు మానేశాం. ఒక్కొక్కరికి ఒక చీటీ ఇస్తాం, నింపి తాళం వేసిన డబ్బాలో వేస్తారు. వరుస కదలడానికి కాస్త ఆలస్యమవుతుంది, అవ్వనివ్వండి.

ఆరో అడుగు: కంపెనీకి ఏమి పంపాలి

మొదటి వడపోతకు కంపెనీకి కావలసింది చదువు, నైపుణ్యం, అనుభవం, ఏ ప్రాంతంలో పనిచేయగలరు అన్నవే. గీసుకొండ, సంగెం మండలాల మధ్య ఉన్న కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులోని కుట్టు యూనిట్‌కైనా, మడికొండ ఐటీ పార్కులోని ఆఫీసుకైనా అంతే. ఆధార్, బ్యాంకు ఖాతా, పుట్టిన తేదీ రుజువు ఉద్యోగం ఖాయమయ్యాక అభ్యర్థే స్వయంగా ఇస్తారు. "ముందే అన్నీ పంపండి, పని తొందరగా అవుతుంది" అని హెచ్ఆర్ వాళ్లు ఫోనులో ఒత్తిడి చేస్తారు. మర్యాదగానే కాదనండి. ఎంపికైనవారి పత్రాలు మరుసటి రోజే అందుతాయని చెప్పండి, చెప్పినట్టు అందించండి. రెండు మూడు సార్లకు అలవాటు పడతారు. ఎంపిక కానివారి బయోడేటాలు చెరిపేస్తామని వారి చేత ఈమెయిల్‌లో రాయించుకోండి. మీ నకళ్ల పుస్తకంలో అదీ ఒక వరుసే.

జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల వైపు కేంద్రాలకు ఇంకో బాధ్యత ఉంది. గల్ఫ్ ఉద్యోగం పేరుతో వచ్చే ఏజెంటు మొదట అడిగేది పాస్‌పోర్టు నకలే. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేని ఏజెంటుకు ఒక్క పేజీ కూడా పంపవద్దు. రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా వెళ్లే దారి ఉందని అభ్యర్థికి చెప్పండి. అసలు పాస్‌పోర్టు, అసలు సర్టిఫికెట్లు మీ బీరువాలో ఎప్పుడూ ఉంచుకోకండి. చూసి, అదే నిమిషంలో చేతికి ఇచ్చేయాలి. "కోర్సు మధ్యలో మానేయకుండా" అని అసలు మెమోలు పట్టి ఉంచే కేంద్రాలను చూశాను. అది అభ్యర్థి గొంతు మీద చెయ్యి వేయడమే.

ఏడో అడుగు: ఉద్యోగంలో చేరాక

పథకాలు ప్లేస్‌మెంట్‌కు రుజువుగా జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతాయి. స్టేట్‌మెంట్ అంటే జీతం ఒక్కటే కాదు. ఇంటికి ఎంత పంపారు, ఎక్కడ అప్పు కట్టారు, ఏ ఆసుపత్రిలో చెల్లించారు అన్నీ అందులో ఉంటాయి. జీతం జమ అయిన వరుసలు ఉంచి మిగతావి నల్లగా కొట్టేసి ఇవ్వవచ్చని అభ్యర్థికి నేర్పండి. పథకం వాళ్లు ఒప్పుకోకపోతే లిఖితపూర్వకంగా అడగండి. అడిగినప్పుడు మాకు చాలాసార్లు జీతం స్లిప్పులే సరిపోయాయి.

ఇంకో మాట, దీన్ని మాత్రం గోడకు రాసి పెట్టండి. ఎవరు ఫోను చేసి అడిగినా, అన్ననని చెప్పినా, భర్తనని చెప్పినా, అభ్యర్థి ఎక్కడ పనిచేస్తున్నారో, ఏ హాస్టల్‌లో ఉంటున్నారో చెప్పకూడదు. "మీ నంబరు ఇవ్వండి, వారికి చేరవేస్తాం, ఇష్టమైతే వారే ఫోను చేస్తారు" అనడమే జవాబు. ఇంట్లో దెబ్బలు పడలేక బయటికి వచ్చి పని వెతుక్కున్న మహిళలు మన కేంద్రాల్లో ఉంటారు. ఒక కేంద్రంలో ఫోను ఎత్తిన కొత్త కుర్రాడు మర్యాదకు పోయి కంపెనీ పేరు చెప్పేశాడు. ఆ సాయంత్రమే గేటు దగ్గర గొడవ జరిగింది. ఆమె ఆ ఉద్యోగం వదిలి మళ్లీ ఇంకో ఊరు వెతుక్కోవలసి వచ్చింది.

ఎనిమిదో అడుగు: చెరిపేయడం

అవసరం తీరిన వివరాలను తీసేయాలన్నది చట్టంలో ఉన్న బాధ్యత. అయితే లాగ్‌లను, అంటే వివరాలను ఎవరు ఎప్పుడు తెరిచారో చెప్పే నమోదులను, వాటికి సంబంధించిన వివరాలను కనీసం ఒక ఏడాది ఉంచాలని కొత్త నియమాలు అంటున్నాయి. పథకం ఆడిట్ గడువు వేరే ఉంటుంది. కాబట్టి అభ్యర్థితో "ఈ రోజే అన్నీ తీసేస్తాం" అని మాట ఇవ్వకండి. ఏది ఎప్పుడు పోతుందో పుస్తకం చూసి చెప్పండి. శిక్షణలో చేరకుండా వెళ్లిపోయినవారి పత్రాలు మాత్రం ముందుగా పోవాలి, వాటిని ఉంచుకోవడానికి ఆడిట్ కారణం కూడా ఉండదు.

పాత ఫారాలను తూకానికి వేయకండి. హనుమకొండలో ఒక సాయంత్రం మిరపకాయ బజ్జీల పొట్లం విప్పితే నూనె మరకల కింద ఒక దరఖాస్తు ఫారం కనిపించింది. ఫొటో అంటించిన చోట జిగురు మచ్చ, దాని కింద స్పష్టంగా పేరు, తండ్రి పేరు, పది అంకెల నంబరు. అది మా కేంద్రానిది కాదు, అయినా ఆ బజ్జీలు తినలేకపోయాను. కాగితాలు చింపే మిషన్ కొనండి, లేదా ఇద్దరి ఎదుట కాల్చేయండి. వెనక పేజీ తెల్లగా ఉందని పాత ఫారాలను రఫ్ పేపర్‌గా వాడటం కూడా మానండి. కంప్యూటర్‌లో ఫైలుతో పాటు రీసైకిల్ బిన్, పెన్‌డ్రైవ్, ఈమెయిల్‌లో "పంపినవి" ఫోల్డర్ చూడాలి. చెరిపాక నకళ్ల పుస్తకంలో ఆ వరుస మీద గీత, తేదీ, రెండు సంతకాలు.

తొమ్మిదో అడుగు: బయటికి పొక్కితే

దాచకండి. మొదటి గంటలో ఆ లింకు మూసేయడం, పాస్‌వర్డ్ మార్చడం, ఏ నకలు పోయిందో పుస్తకంలో చూడటం. అదే రోజు ప్రతి అభ్యర్థికీ తెలుగులో చెప్పండి: ఏ వివరాలు పోయాయి, దానివల్ల ఏమి జరగవచ్చు, మేము ఏమి చేశాం, మీరు ఏమి చేయాలి. మేళా రిజిస్టరు సంగతి తెలిశాక మేము మొదటి మూడు రోజులు "ఎలా చెప్పాలి" అని చర్చించుకుంటూ కూర్చున్నాం. డబ్బు పంపినవారిలో ఎక్కువమంది ఆ మూడు రోజుల్లోనే పంపారు. కొత్త నియమాల ప్రకారం అభ్యర్థులకూ డేటా ప్రొటెక్షన్ బోర్డుకూ ఆలస్యం లేకుండా తెలపాలి, బోర్డుకు పూర్తి వివరాలు 72 గంటల్లో అందించాలి.

డబ్బు పోయినవారు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆధార్ నకలు పోతే వేలిముద్రలు ఇంకెవరూ వాడకుండా ఆపే బయోమెట్రిక్ లాక్ ఎలా పెట్టుకోవాలో అభ్యర్థికి చూపించండి, సందేహాలకు ఆధార్ హెల్ప్‌లైన్ 1947 ఉంది. తమ పేరు మీద ఎవరైనా సిమ్ తీసుకున్నారేమో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. ఇవన్నీ చీటీ మీద రాసి ఇచ్చి ఊరుకోకండి, పక్కన కూర్చుని వారి ఫోనులోనే చేయించండి.

పదో అడుగు: అభ్యర్థి వచ్చి అడిగినప్పుడు

మీ దగ్గర ఏమున్నాయో చెప్పమని అడగడం, తప్పులు దిద్దించుకోవడం, చెరిపించుకోవడం, ఫిర్యాదు చేయడం అభ్యర్థి హక్కులు. ఫిర్యాదుకు జవాబు ఇవ్వడానికి నియమాలు గరిష్ఠంగా 90 రోజులు ఇచ్చాయి. మా దగ్గర వారం. ఒప్పుదల ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలి. ఫోనులో ఇచ్చినవారిని వెనక్కి తీసుకోవడానికి అర్జీ రాసి తెమ్మనడం తగదు.

మొన్న నర్సంపేట నుంచి ఒకామె వచ్చింది. రెండేళ్ల కిందట మా దగ్గర శిక్షణ తీసుకుంది. "మేడమ్, నా పాత నంబరు ఇప్పుడు మా ఆయన దగ్గర ఉంది. నేను వేరుగా ఉంటున్నా. ఆ నంబరుకు మీరు ఫోను చేయకండి, కొత్తది రాసుకోండి" అంది. పుస్తకం తీశాను. ఆమె నంబరు అప్పటికి నాలుగు చోట్ల మిగిలి ఉంది. ఎక్సెల్ షీట్‌లో మార్చాం, పోర్టల్‌లో మార్చాం, ఫైలులోని ఫారం మీద దిద్దాం, కంపెనీ హెచ్ఆర్‌కు ఫోను చేసి ఆమె ముందే మార్పించాం. ఇరవై నిమిషాలు పట్టింది. "ఇంకెక్కడా లేదు కదా మేడమ్?" అని గుమ్మం దగ్గర ఆగి మళ్లీ అడిగింది. పుస్తకాన్ని ఆమె వైపు తిప్పి, నాలుగు వరుసలూ చూపించాను. వేలు పెట్టి ఒక్కొక్కటీ చదువుకుని వెళ్లింది.